హెవీ లైసెన్స్: స్కూలు గడప తొక్కే ముందు

(లారీ డ్రైవర్లు కావాలనుకునే యువతీయువకుల కోసం చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఫలానా స్కూల్లో చేరండి అని పేరు చెప్తానేమో అనుకుని వచ్చినవాళ్లు ఉంటే ముందే చెప్పేస్తున్నా, స్కూళ్లకి సిఫారసులు చెయ్యను. చేసినా ఉపయోగం లేదు. ఈ నెల నేర్పే మాస్టారు వచ్చే నెలకి ఇంకో స్కూలుకి వెళ్లిపోవచ్చు. ఈ నెల రోడ్డెక్కిన లారీ వచ్చే నెల ఇంజిన్ విప్పేసి షెడ్డులో ఉండొచ్చు. అందుకని స్కూలు ఏదైనా సరే, అక్కడ ఏం చూడాలి, ఏం అడగాలి, ఎలాంటి జవాబు వస్తే లేచి వచ్చేయాలి, అది మాట్లాడుకుందాం.

స్కూలుకి వెళ్లగానే మనవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "హెవీకి ఎంత తీసుకుంటారండీ?" టేబుల్ దగ్గర కూర్చున్నాయనకి ఆ ఒక్క ముక్కతో మన సంగతి తెలిసిపోతుంది. వీళ్లకి కావాల్సింది కార్డు, డ్రైవింగ్ కాదు అనుకుంటాడు. దానికి తగ్గట్టే రేటు చెప్తాడు, దానికి తగ్గట్టే నేర్పుతాడు. మీరు అడగాల్సింది వేరే ఉంది. "నా ఒక్కడి చేతికి స్టీరింగ్ మొత్తం ఎన్ని గంటలు ఇస్తారు? ఏ బండి మీద?" నేను చెప్పబోయేదంతా ఈ ప్రశ్న గురించే.

ముందు అర్హత సంగతి తేల్చేద్దాం, ఎక్కువసేపు పట్టదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం ట్రాన్స్‌పోర్ట్ బండి, అంటే లారీ, బస్సు లాంటి కిరాయి బండి, నడపాలంటే 20 ఏళ్లు నిండాలి. దానికి ముందు లైట్ మోటార్ వెహికల్ లైసెన్స్, మనం కారు లైసెన్స్ అంటాం చూడండి, అది చేతికొచ్చి ఏడాది గడిచి ఉండాలి. ఏడాది నిండకుండా ట్రాన్స్‌పోర్ట్ ఎల్‌ఎల్‌ఆర్ (నేర్చుకునేటప్పుడు ఇచ్చే తాత్కాలిక లైసెన్స్) ఇవ్వరు. "మా దగ్గర అవేం అక్కర్లేదు, మూడు నెలల్లో హెవీ చేతిలో పెడతాం" అని ఎవరైనా అంటే ఇంక అక్కడ కూర్చోవాల్సిన పని లేదు. ఎనిమిదో తరగతి పాసై ఉండాలన్న నిబంధన 2019లో తీసేశారు కాబట్టి చదువు దగ్గర ఆగక్కర్లేదు. ఫారం 1ఏ మీద డాక్టరు సర్టిఫికెట్ మాత్రం తప్పదు. మంచి వెలుతురులో 25 మీటర్ల దూరంలో ఉన్న కారు నంబరు ప్లేటు చదవగలగాలి, కళ్లజోడు పెట్టుకునైనా సరే. ఫీజు కట్టాక కంటి డాక్టరు దగ్గరికి వెళ్లేవాళ్లు ఎక్కువ. ముందు కళ్లు చూపించుకోండి, తర్వాత ఫీజు కట్టండి.

ఈ ఏడాది ఎదురుచూపు దండగ అనుకోకండి. 2024 నవంబర్ 6న సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీల ధర్మాసనం తీర్పు ఇచ్చింది. లోడుతో కలిపి 7,500 కిలోల లోపు ఉండే సరుకు బండిని కారు లైసెన్స్‌తోనే నడపొచ్చు, విడిగా ట్రాన్స్‌పోర్ట్ అని రాయించుకోనక్కర్లేదు అని. అంటే 20 ఏళ్లు నిండి, కారు లైసెన్స్ ఉంటే టాటా ఏస్, బొలెరో పికప్ లాంటివి మీరు ఇప్పుడే నడపొచ్చు. ఆ ఏడాదిలో లోడు మీద పట్టా (టార్పాలిన్) కట్టడం, తాడు బిగించడం, గోడౌన్ గుమ్మానికి రివర్స్ పెట్టడం, అద్దాల్లో చూసి నడపడం చేతికి వస్తాయి. ఇవి వచ్చి స్కూలుకి వచ్చినవాడికీ, కారు తప్ప ఏదీ ఎరగకుండా వచ్చినవాడికీ పెద్ద లారీ మీద మొదటి వారంలోనే తేడా కనిపిస్తుంది.

ఇప్పుడు అసలు వ్యాపారం సంగతి. ఎల్‌ఎల్‌ఆర్ ఆరు నెలలు చెల్లుతుంది. తీసుకున్న 30 రోజుల తర్వాత టెస్టుకి వెళ్లొచ్చు. కారు లైసెన్స్‌కైతే సొంతంగా నేర్చుకుని టెస్టుకి పోవచ్చు గానీ, ట్రాన్స్‌పోర్ట్ లైసెన్స్‌కి డ్రైవింగ్ స్కూలు ఇచ్చే ఫారం 5 సర్టిఫికెట్ జత చేయాలి. గుర్తింపు ఉన్న స్కూలు మాత్రమే అది ఇవ్వగలదు. ఈ కాగితం తప్పనిసరి కాబట్టే దీన్ని అమ్ముకునే స్కూళ్లు పుట్టుకొచ్చాయి. లారీ ఎక్కించరు, క్లాసు పెట్టరు, డబ్బు తీసుకుని ఫారం 5 మీద స్టాంపు కొడతారు, టెస్టు రోజున ఎవరిదో బండి అద్దెకి తెచ్చి ట్రాక్ మీద ఒక్క చుట్టు తిప్పిస్తారు. అభ్యర్థి కూడా సంబరపడతాడు, పని సులువుగా అయిపోయిందని. ఆ కార్డు పట్టుకుని ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుకి వెళ్తే మేనేజరు కార్డు చూడడు. తాళం ఇచ్చి, "యార్డులో ఆ పది టైర్ల బండిని తీసి డాక్‌కి రివర్స్ పెట్టు" అంటాడు. రెండు నిమిషాల్లో అంతా బయటపడుతుంది. అక్కడి నుంచి మళ్లీ క్లీనరుగా ఎక్కాల్సిందే.

మరి చట్టం ఎంత నేర్పమంటుంది? ట్రాన్స్‌పోర్ట్ బండికి శిక్షణ 30 రోజులకి తగ్గకూడదు, అందులో అభ్యర్థి స్వయంగా నడిపిన సమయం 15 గంటలకి తగ్గకూడదు. ఇది కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో ఉన్న కనీసం. ఈ 15 గంటల్ని ఒకసారి లెక్క వేసి చూడండి. 30 రోజులకి పంచితే మనిషికి రోజుకి అరగంట. బ్యాచ్‌లో పదిమందిని ఎక్కించుకుని పొద్దున రెండు గంటలు తిప్పితే ఒక్కొక్కరికి వచ్చేది 12 నిమిషాలు. నెల మొత్తం కలిపితే 6 గంటలు. మిగతా సమయమంతా వెనక కూర్చుని పక్కవాడి తప్పులు చూడటమే. చూడటం వల్ల కొంత వస్తుంది, కాదనను. కానీ క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో మీ కాలికే తెలియాలి. రెండు గంటల ట్రిప్పులో నలుగురు మించితే 15 గంటలు కుదరవు. అందుకని స్కూల్లో అడగండి, "ఒక బండి మీద ఒక ట్రిప్పుకి ఎంతమంది?" జవాబు సూటిగా రాకపోతే పొద్దున ఆరింటికి స్కూలు ముందు నిలబడి లారీలో ఎంతమంది ఎక్కుతున్నారో మీరే లెక్కపెట్టుకోండి. ఇంతకంటే నమ్మకమైన పద్ధతి ఇంకోటి లేదు.

కాగితాల్లో కూడా దీనికి దారి ఉంది. ప్రతి స్కూలూ రెండు రిజిస్టర్లు పెట్టాలి. ఫారం 14లో చేరినవాళ్ల పేర్లు ఉంటాయి, ఫారం 15లో ఎవరు ఏ రోజు ఎంతసేపు నడిపారో ఉంటుంది. స్కూలు లైసెన్స్ ఫారం 11 మీద ఉంటుంది, దాన్ని ఆఫీసులో కనపడేలా పెట్టాలి. అది అయిదేళ్లకే చెల్లుతుంది కాబట్టి తేదీ చూడండి. అందులో ఏ రకం బండ్లకి అనుమతి ఉందో కూడా చూడండి. కార్లు నేర్పడానికి మాత్రమే లైసెన్స్ ఉండి, హెవీకి ఇంకో స్కూలు ఫారం 5 తెప్పించి ఇచ్చేవాళ్లు ఉన్నారు. "ఫారం 15 ఎలా ఉంటుందో ఒకసారి చూపిస్తారా?" అని మర్యాదగా అడగండి. నిజంగా నేర్పే స్కూలు వాళ్లు కోప్పడరు, పుస్తకం తీసి చూపిస్తారు.

ఇక బండి. అన్నింటికంటే ఎక్కువసేపు చూడాల్సింది దీన్నే.

మొదట డ్యూయల్ కంట్రోల్. మాస్టారు కూర్చునే వైపు కూడా బ్రేకు, క్లచ్ పెడల్స్ ఉండాలి. ఇది నిబంధన. బండి దగ్గరికి వెళ్లి తలుపు తీసి వంగి చూడండి. పెడల్ ఉన్నా దాని రాడ్డు తుప్పు పట్టి కదలకుండా ఉంటే లేనట్టే. రెండోది, ఆ బండి శిక్షణకే వాడాలి. పొద్దున పాఠం, మధ్యాహ్నం ఇసుక తోలకం చేసే లారీలు కొన్ని కనిపిస్తాయి. అలాంటి స్కూల్లో కిరాయి తగిలిన రోజున మీ క్లాసు ఎగిరిపోతుంది, పైగా రిజిస్టరులో ఆ రోజు కూడా మీరు నడిపినట్టే ఉంటుంది.

మూడోది బ్రేకు. చాలా స్కూళ్లలో పాత టాటా 407 లాంటి చిన్న లారీ పెట్టి హెవీ అంటారు. అది ఆయిల్ బ్రేకు బండి. మీరు రేపు నడపబోయే ఆరు టైర్ల, పది టైర్ల పెద్ద లారీలు దాదాపు అన్నీ ఎయిర్ బ్రేకు బండ్లు. రెండింటికీ కాలు వేసే తీరే వేరు. ఆయిల్ బ్రేకు కాలు వెయ్యగానే పట్టుకుంటుంది. ఎయిర్ బ్రేకులో గాలి పైపుల్లోంచి వెనక ఇరుసుదాకా చేరాలి, అందుకు కాస్త సమయం పడుతుంది. ఆ కాస్త సమయంలోనే బండి కొన్ని మీటర్లు ముందుకి పోతుంది. కాలు తీసిన ప్రతిసారీ వాడిన గాలి ఉస్సుమని బయటికి పోతుంది, కంప్రెసర్ దాన్ని మళ్లీ నింపాలి. అలవాటు లేనివాడు కంగారులో టపటపా కొడతాడు. గేజి ముల్లు దిగిపోతుంది, బజర్ మోగుతుంది, ఇంకా దిగితే స్ప్రింగ్ బ్రేకు తనంతట తానే పట్టేస్తుంది, బండి నడిరోడ్డు మీద బిగుసుకుపోతుంది. వెనకాల వచ్చేవాడి గతి ఏమిటో ఆలోచించండి. కాబట్టి స్కూలు లారీలో గాలి గేజి ఉందా, అది పనిచేస్తోందా, స్టార్టు చేశాక గాలి పూర్తిగా ఎక్కేదాకా బండి కదపకూడదని మాస్టారు చెప్తున్నాడా, పొద్దున్నే ఎయిర్ ట్యాంకుల్లో చేరిన నీళ్లు వదిలిస్తున్నాడా, ఇవి చూడండి.

నాలుగోది గేర్లు. ఆరు గేర్ల బాక్సు చాలామందికి తొందరగానే అలవాటవుతుంది. తొమ్మిది గేర్ల బాక్సు వేరు. అందులో లో రేంజి, హై రేంజి ఉంటాయి, కింద క్రాలర్ (అన్నింటికంటే నెమ్మది గేరు) ఉంటుంది. ఎత్తు ఎక్కేటప్పుడు ఆలస్యంగా గేరు తగ్గించబోయి, రేంజి మార్చే లోపు స్పీడు పడిపోయి, ఏ గేరూ పడక న్యూట్రల్లో నిలిచిపోవడం కొత్తవాళ్ల దగ్గర మామూలుగా జరిగే తప్పు. ఎత్తు మీద లోడు బండి న్యూట్రల్లో ఉంటే అది వెనక్కి రావడం మొదలెడుతుంది. స్కూల్లో తొమ్మిది గేర్ల బండి లేకపోతే చేరొద్దు అనను. కానీ ఉన్న స్కూలు పక్క ఊళ్లో ఉంటే ఆ ఊరికి వెళ్లడమే మంచిదంటాను.

అయిదోది బరువు. దీన్ని ఎవరూ అడగరు. 2018 జులైలో కేంద్రం ఇరుసు బరువుల పరిమితి పెంచింది. అప్పటి నుంచి రెండు ఇరుసుల లారీ లోడుతో కలిపి 18.5 టన్నులు, మూడు ఇరుసుల పది టైర్ల లారీ 28.5 టన్నులు ఉండొచ్చు. పది టైర్ల లారీ నిండా లోడు ఎక్కితే ఖాళీ బరువుకి దాదాపు మూడింతలవుతుంది. ఖాళీ లారీ మీద నెల్లాళ్లు నేర్చుకున్నవాడికి బ్రేకు దూరం, మలుపులో బండి ఒరిగే తీరు, గేరు మార్చే క్షణం అన్నీ ఖాళీ బండివే అలవాటవుతాయి. ఇసుక బస్తాలో, కాంక్రీటు దిమ్మెలో వేసి ఆఖరి వారం రోజులైనా బరువుతో నడిపించే స్కూలు దొరికితే రెండు మూడు వేలు ఎక్కువైనా ఇవ్వండి. ఆ డబ్బు స్కూలు వాళ్ల డీజిలుకి, టైర్లకి పోతుంది, మీకు పని వస్తుంది.

ఇంకా, 2020 ఏప్రిల్ నుంచి వస్తున్నవన్నీ బీఎస్6 (పొగ కాలుష్యం తగ్గించే ప్రమాణం) బండ్లు. వాటిలో డీజిలుతో పాటు డెఫ్ అనే, పొగలో విషం తగ్గించే ద్రావణం వేరే ట్యాంకులో పోయాలి. అది అయిపోతే ఇంజిన్ బలం తగ్గిపోతుంది, బండి పాకుతుంది. డ్యాష్‌బోర్డు మీద ఏ లైటు వెలిగితే నడపొచ్చు, ఏది వెలిగితే పక్కకి తీసి ఆపాలి అనేది ఇప్పుడు డ్రైవరు చదువులో భాగం. పాత బండి మీదే నేర్పే స్కూలైతే కనీసం క్లాసులో బొమ్మలైనా చూపించాలి.

బండి బాగుంది. నేర్పే చోటు ఎలా ఉందో కూడా చూడాలి. రివర్స్ నేర్పడానికి ఖాళీ స్థలం కావాలి. రోడ్డు మీద ముందుకి నడపడం పది రోజుల్లో వస్తుంది. పది టైర్ల లారీని రెండు లారీల మధ్య సందులోకి అద్దాలు చూసి వెనక్కి పెట్టడం దానికి రెట్టింపు రోజులు తీసుకుంటుంది. కొత్త డ్రైవర్లు బండికి తగిలించే దెబ్బల్లో ఎక్కువ భాగం రివర్స్‌లోనే పడతాయి. జీతంలో కోతలు కూడా అక్కడే మొదలవుతాయి. ఎడమ మలుపులు విడిగా నేర్పుతున్నారా అని అడగండి. ముందు చక్రం వెళ్లిన దారిలో వెనక చక్రం వెళ్లదు, లోపలికి కోస్తుంది. మలుపు దగ్గర ఎడమ పక్కన బైకు ఉంటే డ్రైవరుకి కనపడదు, వెనక చక్రం దాని మీదికి పోతుంది. ముందు టైరు గీసిన గీత, వెనక టైరు గీసిన గీత రెండూ నేల మీద ముగ్గుతో వేసి చూపించే మాస్టారు దొరికితే ఆయన్ని వదలకండి.

ఘాట్ రోడ్డు మన దగ్గర చిన్న విషయం కాదు. చిత్తూరు నుంచి పలమనేరు వెళ్లే దారిలో మొగిలి ఘాట్ ఉంది, మారేడుమిల్లి నుంచి చింతూరు వైపు దిగే ఘాట్ ఉంది, దోర్నాల నుంచి శ్రీశైలం దారి ఉంది. ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలని పాత డ్రైవర్లు చెప్పేది ఇప్పటికీ పనికొచ్చే మాట. దిగేటప్పుడు బరువుని ఇంజినూ ఎగ్జాస్ట్ బ్రేకూ (పొగ గొట్టాన్ని మూసి బండిని నెమ్మదింపజేసేది) పట్టుకోవాలి, కాలి బ్రేకు అప్పుడప్పుడూ పడాలి. కాలు తీయకుండా నొక్కి ఉంచితే డ్రమ్ములు కాలిపోయి లైనర్ల పట్టు పోతుంది. వాసన వచ్చేసరికే ఆలస్యమైపోతుంది. కొంతమంది డీజిలు మిగులుతుందని న్యూట్రల్లో దించుతారు. ఇప్పటి ఇంజిన్లలో గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంజిన్‌కి డీజిలు సరఫరా ఆగిపోతుంది. న్యూట్రల్లో అయితే ఇంజిన్ ఆగకుండా తిరగడానికి ఎంతో కొంత తాగుతూనే ఉంటుంది. అంటే మిగిలేదేమీ లేదు, పోయేది మాత్రం ఇంజిన్ బ్రేకు. మీ మాస్టారే న్యూట్రల్లో దించమని నేర్పితే ఆ స్కూలు మానేయండి. డబ్బు పోయినా మానేయండి.

మాస్టారు విషయానికొస్తే, చట్టం అడిగేది పదో తరగతి, అయిదేళ్ల డ్రైవింగ్ అనుభవం, దాంతో పాటు మోటార్ మెకానిక్ కోర్సు సర్టిఫికెట్. నేనైతే ఇంకోటి చూడమంటాను. ఒక రోజు ట్రయల్ క్లాసు అడగండి, వెనక సీట్లో కూర్చోండి. గేరు సరిగ్గా పడనప్పుడు మాస్టారు ఏమంటాడో వినండి. "నీ వల్ల కాదురా" అంటే ఒక రకం. "క్లచ్ పూర్తిగా తొక్కలేదు, అందుకే పళ్లు తగిలాయి" అంటే ఇంకో రకం. తిట్టే మాస్టార్లలో మంచి డ్రైవర్లు ఉంటారు, నిజమే. కానీ తప్పు ఎందుకు జరిగిందో చెప్పలేనివాడి దగ్గర నేర్చుకున్నది రోడ్డు మీద ఒంటరిగా ఉన్నప్పుడు పనికిరాదు.

క్లాసు గది కూడా ఒకసారి చూడండి. ఇంజిన్, గేర్‌బాక్సు, బ్రేకు షూలు, డ్రమ్ములు విడిభాగాలుగా ఉండాలి. జాకీ, వీల్ స్పానర్, టైర్ ప్రెషర్ గేజి, పంక్చర్ కిట్, స్పానర్ల సెట్టు ఉండాలి. ఇవి స్కూలు లైసెన్స్ షరతుల్లోనే ఉన్నాయి. వాటి మీద దుమ్ము ఉందో, గ్రీజు ఉందో చూస్తే వాడుతున్నారో లేదో అర్థమైపోతుంది. కాగితాల పాఠం కూడా చెప్పాలి. 50 వేల రూపాయలు దాటిన సరుకుకి ఈ-వే బిల్లు (సరుకు రవాణాకి జీఎస్టీ కింద ఆన్‌లైన్‌లో తీసే కాగితం) కావాలి, అది మామూలు లారీకి 200 కిలోమీటర్లకి ఒక రోజు చొప్పున చెల్లుతుంది. గడువు దాటిన బిల్లుతో చెక్‌పోస్టు దగ్గర ఆగిపోయిన బండిలో రెండు రోజులు పడుండేది డ్రైవరే, ఓనరు కాదు.

ఇక ఏ రకం సంస్థల దగ్గరికి వెళ్లొచ్చో చెప్తాను. ఊళ్లో ప్రైవేటు స్కూళ్లు ఉన్నాయి, ఇప్పటిదాకా చెప్పిందంతా ఎక్కువగా వాటికే వర్తిస్తుంది. రెండు రాష్ట్రాల ఆర్టీసీలూ హెవీ డ్రైవింగ్ శిక్షణ ఇస్తున్నాయి. అక్కడ క్రమశిక్షణ, మాస్టార్ల అనుభవం బాగుంటాయి. కాకపోతే నేర్చుకునేది బస్సు మీద. స్టీరింగ్, ఎయిర్ బ్రేకు, అద్దాలు చూడటం అన్నీ లారీకి పనికొస్తాయి. లోడు, పట్టా, యార్డు రివర్స్ మాత్రం తర్వాత నేర్చుకోవాలి. సిరిసిల్ల దగ్గర మండెపల్లిలో అశోక్ లేలాండ్ భాగస్వామ్యంతో నడిచే శిక్షణ సంస్థ ఉంది. అదే కంపెనీ తమిళనాడులో లారీల ఊరు నామక్కల్‌లో 1995 నుంచి కేంద్రం నడుపుతోంది, అక్కడికి వెళ్లేవాళ్లు పాఠం ఏ భాషలో చెప్తారో ముందే కనుక్కోండి. ఎస్సీ, బీసీ కార్పొరేషన్లు అప్పుడప్పుడూ ఉచిత హెవీ శిక్షణకి నోటిఫికేషన్లు ఇస్తుంటాయి, జిల్లా ఆఫీసులో అడుగుతూ ఉండండి.

2021 జులై 1 నుంచి కొత్త రకం కేంద్రాలు వచ్చాయి. వీటిని గుర్తింపు పొందిన డ్రైవర్ ట్రైనింగ్ సెంటర్లు అంటారు. హెవీ నేర్పాలంటే మైదాన ప్రాంతంలో రెండు ఎకరాల స్థలం ఉండాలి, సొంత ట్రాక్, సిమ్యులేటర్ (తెర ముందు కూర్చుని నడిపే నకలు బండి) ఉండాలి. కోర్సు ఆరు వారాల్లో 38 గంటలు, అందులో క్లాసు 16, ప్రాక్టికల్ 22. ఇక్కడ పాసైతే ఆర్టీవో దగ్గర మళ్లీ డ్రైవింగ్ టెస్టు ఉండదు. వినడానికి బాగుంది. అయినా నా ప్రశ్న మారదు. ఆ 22 గంటల్లో సిమ్యులేటర్ ముందు ఎన్ని, నిజం లారీలో ఎన్ని? సిమ్యులేటర్ మీద తప్పు చేస్తే బండి ఊగదు, వెనక హారన్ మోగదు, చెమట పట్టదు. గేర్ల వరస అలవాటు చేసుకోవడానికి అది బాగానే పనికొస్తుంది, అంతవరకే.

కొన్ని ట్రాన్స్‌పోర్ట్ కంపెనీలు తామే నేర్పించి ఉద్యోగం ఇస్తామంటాయి, బాండ్ రాయించుకుంటాయి. ఫీజు కట్టే శక్తి లేనివాళ్లకి ఇది మంచి దారే. కాగితం మాత్రం తెలుగులో చదివించుకుని అర్థమయ్యాకే సంతకం పెట్టండి. ఎన్ని నెలలు పనిచేయాలి, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి, చేసిన నెలల మేరకి ఆ మొత్తం తగ్గుతుందా, శిక్షణ రోజుల్లో బత్తా ఉందా, జీతం నెలకా ట్రిప్పుకా? పదో తరగతి మెమో, లైసెన్స్ ఒరిజినల్ వాళ్ల దగ్గర పెట్టమంటే పెట్టొద్దు, జిరాక్సులు ఇవ్వండి. బాండ్‌లో రెండు లక్షలు అని రాసినంత మాత్రాన కోర్టు రెండు లక్షలూ ఇప్పించదు. కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం న్యాయమైన పరిహారం మేరకే. అయినా కోర్టుదాకా పోయేంత ఓపిక మనకి ఉండదు కాబట్టి సంతకానికి ముందే తేల్చుకోవడం మేలు.

ఫీజు దగ్గర ఒక్క మాట. టెస్టు ఫీజు 300, లైసెన్స్‌లో కొత్త తరగతి చేర్చడానికి 500, ఎల్‌ఎల్‌ఆర్‌కి 150, దాని పరీక్షకి 50. కేంద్ర నిబంధనల్లో ఉన్న రేట్లు ఇవి, రాష్ట్రం సర్వీసు చార్జీ పైన కలుస్తుంది. స్కూలు వాళ్లు "ఆర్టీవో ఖర్చులు" అని వేలల్లో చెప్తే అందులో ఏది ప్రభుత్వానికి, ఏది వాళ్లకి, ఏది ఇంకెవరికో అడగండి. శిక్షణ ఫీజుకి వేరే రసీదు, ప్రభుత్వ ఫీజుకి వేరే రసీదు తీసుకోండి. మొత్తం ఒకేసారి కట్టకండి. చేరేటప్పుడు సగం, 15 రోజులు నడిపాక మిగతాది. దీనికి ఒప్పుకోని స్కూలు ఎందుకు ఒప్పుకోవడం లేదో మీకే తెలుస్తుంది.

ఇప్పుడు మీ ప్రశ్నలు.

ప్రశ్న: క్లీనరుగా చేరి నేర్చుకుంటే స్కూలు ఎందుకండీ?

క్లీనరుగా ఎక్కినవాడికి రోడ్డు తెలుస్తుంది, బండి రిపేర్లు తెలుస్తాయి, లోడింగు పాయింట్లు తెలుస్తాయి. అది స్కూల్లో రాదు. కానీ స్టీరింగ్ ఎప్పుడిస్తారు? రాత్రి రెండింటికి, డ్రైవరు నిద్రకి ఆగలేనప్పుడు, ఎల్‌ఎల్‌ఆర్ కూడా లేనివాడి చేతికి ఇస్తారు. ఆ సమయంలో ఏదన్నా జరిగితే కేసు మీ మీద, ఇన్సూరెన్స్ గొడవ ఓనరు మీద. స్కూల్లో పద్ధతిగా నేర్చుకుని, లైసెన్స్ వచ్చాక ఆరు నెలలు సెకండ్ డ్రైవరుగా ఎక్కమని చెప్తాను.

ప్రశ్న: ఆడవాళ్లకి హెవీ ఇస్తారా సార్?

చట్టంలో ఆడా మగా తేడా ఎక్కడా లేదమ్మా. పవర్ స్టీరింగ్ వచ్చాక బలం మాట కూడా పెద్దగా లేదు. 2025 అక్టోబర్ 1 తర్వాత తయారైన పెద్ద లారీల క్యాబిన్లలో ఏసీ కూడా తప్పనిసరి చేశారు. స్కూల్లో మాత్రం బ్యాచ్ సమయాలు, హాస్టల్ ఉంటే దాని ఏర్పాట్లు, టాయిలెట్, సీటు ముందుకి జరుగుతుందా లేదా, ఇవి స్వయంగా వెళ్లి చూడు. సీటు జరగని బండిలో క్లచ్ పూర్తిగా అందదు, తప్పు నీ మీద వేస్తారు.

ప్రశ్న: గల్ఫ్‌కి వెళ్లాలని ఉంది. ఇక్కడి హెవీ పనికొస్తుందా?

కార్డు ఒక్కటే అక్కడ పనిచేయదు, అక్కడి టెస్టు పాసవ్వాలి. ఇక్కడ ట్రైలర్ నడిపిన అనుభవం ఉన్నవాడికి అది తేలికవుతుంది. రిజిస్టరైన ఏజెంటు ద్వారానే వెళ్లండి, విదేశీ ఉద్యోగాల ప్రభుత్వ వెబ్‌సైట్ ఈ-మైగ్రేట్‌లో ఆ ఏజెంటు పేరు ఉందో లేదో చూసుకోండి. వాళ్లు తీసుకోవాల్సిన సర్వీసు చార్జీ గరిష్ఠంగా 30 వేలు, జీఎస్టీ అదనం. అంతకంటే అడిగేవాళ్లు చాలామంది ఉన్నారు, అది మీకూ తెలుసు.

ప్రశ్న: పెట్రోలు ట్యాంకర్‌కి వేరే ట్రైనింగ్ కావాలా?

కావాలి. ప్రమాదకర సరుకుకి మూడు రోజుల కోర్సు చేసి లైసెన్స్ మీద రాయించుకోవాలి. మామూలు ట్రాన్స్‌పోర్ట్ లైసెన్స్ అయిదేళ్లు, ఇది మూడేళ్లే. ముందు మామూలు లోడు మీద ఏడాది తిరగండి. సగం నిండిన ట్యాంకర్లో బ్రేకు వేశాక కూడా లోపలి ద్రవం ముందుకి తోస్తుంది, మలుపులో పక్కకి లాగుతుంది. కొత్త చేతికి అది వద్దు.

ప్రశ్న: మొదటి రోజే రిజిస్టరులో నెలంతటికీ సంతకాలు పెట్టమంటున్నారు. పెట్టాలా?

పెట్టొద్దు. ఏ రోజు నడిపితే ఆ రోజు వరసలో, మొదలుపెట్టిన సమయం, దిగిన సమయం రాశాకే పెట్టండి. ఫోనులో దాని ఫోటో తీసుకోండి. ఖాళీ పేజీల మీద సంతకాలు ఒకసారి ఇచ్చేస్తే తర్వాత "నాకు నేర్పలేదు" అని ఆర్టీవోకి ఫిర్యాదు చేయడానికి మీ దగ్గర ఏ ఆధారమూ ఉండదు. వాళ్ల పుస్తకంలో 15 గంటలూ మీరు నడిపినట్టే ఉంటుంది, కింద సంతకం మీదే.